బొక్కల గుర్రం

బెల్లంపల్లిల, క్లబ్బు గ్రౌండుల,
నెలకోపారి తెల్లబట్ట కట్టేటోళ్లు.
గాలొస్తే తెర ఉబ్బేది,
తెరతోపాటు రాజకుమారి కడుపు గూడ ఉబ్బేది.
ఆడోళ్లు కొంగు నోట్ల కుక్కుకొని నవ్వేటోళ్లు.

ఇంగ్లీషు సినిమా. ఒక్క ముక్క సమజ్ కాకపోయేది.
మిషను తిప్పే యాకూబ్ మామ మైకు పట్టుకొని
కథ ఆయనే అల్లేటోడు:
"గీమె రాజు బిడ్డ. గీడు పడవ నడిపేటోడు.
ఇగ సూడున్రి, గుహలకెల్లి ఒకటొస్తది,
చిన్నపోరగాండ్లను ఒళ్లె కూసోబెట్టుకోన్రి."

వచ్చింది.
తోలు లేదు, కండ లేదు,
ఉత్త బొక్కల గుర్రం.
కాలు లేపి ఆగుతది,
మెడ తిప్పి ఆగుతది,
ఉరుకుతుంటె గూడ నడుమ నడుమ
ఏదో యాదికొచ్చినట్టు ఆగుతది.
నిజం గుర్రాలు చూడనోళ్లమా మేము?
స్టేషన్ కాడి జట్కా గుర్రం, పెండ వాసన, ఈగలు.
అది ఒక్కనాడన్న కలలకు రాలే.

ఓదెలు నా చెవిల చెప్పిండు:
"మనం రెప్పేసినప్పుడల్లా
ఎవలో దాన్ని జరుపుతున్నర్రా."
ఇద్దరం కండ్లు పెద్దగ తెరుసుకొని కూసున్నం.
బొగ్గుదుమ్ము పడి నీళ్లు కారినయి.
గుర్రం ఉరుకుతనే ఉన్నది.
"ఎవలమో ఒకలం రెప్పేసినం," అన్నడు వాడు
నన్నే అనుమానంగ చూసుకుంట.

తెల్లారి ఒర్రెల నుంచి నల్లమట్టి తెచ్చిన.
చీపురుపుల్లలు పక్కబొక్కలు.
మూడు కాళ్లు సరిగ్గ కుదిరినయి, నాలుగోది పొట్టిగైంది.
కిటికీ గద్దె మీద ఎడమ కొసకు నిలబెట్టి
ముందట బలపంతోని గీత గీసి పన్నుకున్న.

పొద్దున లేచి చూస్తే
ఓ వేలెడు ముందుకు!

అవ్వనడిగితే, "సదువుకోరాదు పనిలేనోడా" అన్నది.
ఓదెలు కొమురెల్లి మల్లన్న మీద ఒట్టేసిండు.
ఆరు రోజులు, ఆరు గీతలు.
ఏడోనాడు ఆగింది. రెండు వారాలు కదల్లే.
మట్టి ఎండి తోక రాలిపోయింది,
ఇగ చచ్చిపోయిందనుకున్న.
ఓ మంగళవారం పొద్దుగాల
తోక లేకుండనే మల్ల నడిసింది.

గప్పుడు చేతిలకు తీసుకొని చూసిన.
వీపు మీద బొగ్గంటిన బొటనవేలి ముద్ర.

క్యాలెండరు మీద
అవ్వ పెట్టుకున్న ఎర్ర చుక్కలు లెక్కబెట్టిన.
మూడో షిఫ్టు వారం.

ఎనిమిది గంటలు భూమి కింద వంగి పనిజేసి
పట్టుకపోయిన మోకాలుతోని
కాలు లేపి ఆగుకుంట,
మెడ తిప్పి ఆగుకుంట
కోడిజాముకు ఇంట్లకొచ్చే బాపు,
తానం గూడ చెయ్యకముందు
కిటికీ దిక్కు పోయేటోడన్నట్టు.

ఎవలకు చెప్పలే. ఓదెలుకు గూడ చెప్పలే.
పొద్దున లేచి కొత్త గీత గీసి
"అబ్బ, మల్ల నడిసింది!" అనేటోన్ని,
దుప్పటి ముసుగుల పన్న మనిషికి
వినబడేటంత గట్టిగ.

ఇప్పుడు తెలుసు, ఆ సినిమాలు ఎట్ల తీసెటోళ్లో.
బొమ్మను గింజంత జరిపి ఒక్క ఫోటో,
ఇంకింత జరిపి ఇంకో ఫోటో.
పొద్దందాక నిలబడి తీస్తె
తెర మీద నాలుగు అడుగులు.
జరిపిన చెయ్యి మాత్రం ఎక్కడా కనబడదు.

మొన్న ఫోన్ల దొరికితే బాపుకు చూపిచ్చిన.
అద్దాలు తుడుసుకొని,
గుర్రం వచ్చినప్పుడు కొంచెం ముందుకు వంగిండు.
"కిటికీల మట్టి గుర్రం యాదికున్నదా?" అన్న.
"గుర్రమా? ఏ గుర్రం?
మనకు మేక గూడ లేకుండె గదరా."

నవ్వొచ్చి రెప్పేసిన.
కండ్లు తెరిచేసరికి
బల్ల మీద నా చాయ గిలాస
నా దిక్కు ఓ వేలెడు జరిగి ఉన్నది.