అడుగుకు మిగిలింది

ఆసిఫాబాద్ బస్టాండు ముందట
నాలుగ్గొట్టంగ బండి తెరుస్త.
పుష్యమాసం. ఇగం ఎట్లుంటదంటే
పాల ప్యాకెట్టు పట్టుకుంటె
వేళ్లు నావి కానట్టే.
స్టవ్వు చెవి మొత్తం మెలేసినా మంట లేవది.
ముక్కుపుడక రాయంత నీలం,
గంతే.
మంచిర్యాల బస్సు డ్రైవరు హారన్ కొడుతుండు,
నా చాయ్ ఇంకా నీళ్లే.

బండ కదిపితె లోపల గుబగుబ అంటది.
ఉన్నది. ఉండి పలుకది.
ఇంట్ల ఇసొంటి ఎర్ర బండే
కుతకుత అన్నం ఉడికిస్తుంది గదా,
దీనికేం రోగం?

ఓదెలు చెప్పిండు.
ఇరవయ్యేండ్లు బండలు మోసిన భుజం,
ఎడమ దిక్కు జర ఒరిగి ఉంటది.
"అండ్ల ఒక్కటి లేదక్కా, రెండున్నయ్.
ప్రొపేను, బ్యుటేను.
ప్రొపేనుకు సలంటె లెక్కలేదు,
మంచుగడ్డ మీద కూసోబెట్టినా లేసి ఉరుకుతది.
బ్యుటేను గట్ల గాదు.
సలి ముదిరితె ముసుగుదన్ని పంటది.
ఉరికేది ముందుగాల ఉరికిపోతది,
పండేది అడుగుకు మిగుల్తది."

"మరి నాకు ఉత్త ప్రొపేనే తేరాదు?"
"ఉత్తది రాజేశం కాడుంది, ఇనుము కోసే షెడ్డుల.
దాని దూకుడు నీ రెగ్యులేటర్ ఆపలేదు.
రేకులు కోసేటిదానితోని చాయ్ కాస్తవా?"

నవ్విన. కని ఆ మాట పోలె.
గిన్నెలు తోముకుంట అదే ఆలోచన,
ఇంటికేది మంచిది, బయటికేది?
ఇంట్ల నాలుగు గోడలున్నయ్.
కిటికి సందుల నుంచి వచ్చిన గాలి సుత
పొయ్యి కాడికొచ్చేసరికి వెచ్చవడ్తది.
అక్కడ నిదానపుదైనా నడుస్తది.
బయట నిదానానికి గిరాకి లేదు,
బస్సు ఆగదు.

మొన్న పొద్దుగాల భూమేశ్ వచ్చిండు.
పట్నం పోరగాండ్లను తిర్యాణి అడివిల
గుడారాలల్ల పండవెట్టే పని వానిది.
చేతుల బొంగరమంత పొయ్యి,
సెంటు బుడ్డి లెక్క గ్యాస్ డబ్బ.
"రాత్రి గుడ్లు ఉడికినయ్ చిన్నమ్మా,
తెల్లారేసరికి సచ్చింది."
తిప్పి చదివిన. ఉత్త బ్యుటేను.
"సావలే కొడుకా, పండింది."
లైటర్ తీసి డబ్బ కింద పెట్టబోయిండు,
చెయ్యి మీద ఒక్కటేసిన.
మంటనిచ్చేదానికి మంట చూపియ్యొద్దు.
గిన్నెల గోరువెచ్చని నీళ్లు పోసి
డబ్బను కూసోబెట్టిన,
పసిపోరని కాళ్లు కడిగినట్టు.
జరసేపటికి సుయ్యిమన్నది.
వాడు నా దిక్కు మంత్రగత్తెను చూసినట్టు చూసిండు.

ఆ దినం నిద్రవట్టలే నాకు.
ఇన్నేండ్లల్ల ఎన్ని బండలు తిరిగిచ్చిన్నో
అయిపోయినయనుకొని!
అర్ధ కిలో ఒకపారి, కిలో ఒకపారి,
పైసలు పోసి కొన్నది
పంటున్నదని తెల్వక పంపిన.

ఇగ ఇప్పుడు రెండు బండలు.
నిండుది తెల్లారగట్లకు,
అండ్ల ఉరికేది ఇంకా ఉంటది కాబట్టి.
తరిగింది ఎండెక్కినంకకు.
అట్లని లెక్క ప్రతిసారి కలుస్తదని గాదు.
శనివారం రెండూ మొండికేసినయ్,
కట్టెల పొయ్యి ముట్టిచ్చిన, కండ్లు మండినయ్.

ఇయ్యాల పన్నెండింటికి ఓదెలు వచ్చిండు.
"ఖాళీది ఇయ్యక్కా, ఆటో నిలవడ్డది."
"ఆగు."
బండి ఎనక, ఎండ పడే జాగల,
పొద్దున పలుకనిది నిలవడి ఉన్నది.
పైపు తగిలిచ్చి పుల్ల గీసిన.
అరచేయంత మంట లేచింది,
తొందరేం లేనట్టు.

ఆయనకొకటి, నాకొకటి.
మూడోది సగం మరిగి ఆగింది.
గ్లాసు కడిగి బోర్లిచ్చి
ఓదెలు బండ ఎత్తుకున్నడు,
ఈసారి కుడి భుజం మీద.
"తేలికైంది," అన్నడు.