తలకిందుల అక్షరాలు

బల్లకి ఇవతల నిలబడి
అవతలి కాగితాన్ని తలకిందులుగా చదవడం
నాకు ఎవరూ నేర్పలేదు.
ఇరవై రెండేళ్ల విలేకరి ఉద్యోగంలో
ఆఫీసర్లు నాకు నోటితో చెప్పింది తక్కువ.
కళ్లజోడు తుడుచుకుంటున్నట్టు వంగి
నేను దొంగిలించిందే ఎక్కువ.

పర్లాకిమిడి బస్టాండులో పేపరు కట్ట తెగ్గానే
ముందు నా వార్త చదివి, ఆ పైనే టీ తాగేవారు జనం
అనుకునేవాణ్ణి.
ఒక మంత్రి దిగిపోయేదాకా రాశాను ఒకసారి.
అయిదేళ్లకి గెలిచొచ్చి ఆయనే కబురు పెట్టాడు:
"నువ్వు తిడితే బావుంటాది త్రినాథూ,
దూరం నుంచెందుకు, లోపలికొచ్చి తిట్టు."
నవ్వాను.
నవ్వినందుకే కాబోలు, ఉత్తర్వు వచ్చేసింది.

ఇప్పుడు జిల్లా సంస్కృతి అంతా
నా గది బీరువాలో ఉంది.
తాళంచెవి గుమస్తా పాఢీబాబు దగ్గర ఉంది.
కుర్చీకి తెల్ల తువ్వాలు,
తువ్వాలు ఉతకడానికి ఒక మనిషి,
ఉతికినట్టు సంతకానికి ఒక రిజిస్టరు.
తలుపు మీద ఒడియాలో రాయించిన బోర్డులో
ఉర్లాపు కాస్తా ఉరులాపో అయింది.
ఫొటో పంపిస్తే మా ఆవిడ అడిగింది
"ఎవరీయన?"

మొదటి పని: కలెక్టరేటు గోడ మీద సవర బొమ్మలు.
సెరంగో కొండ దిగి రైకా ముసలాయన వచ్చాడు,
బియ్యప్పిండి, పుల్ల, ఎర్రమట్టి తెచ్చుకున్నాడు.
గోడని చాలాసేపు తడిమి చూసి అడిగాడు
"ఎవరు పోయారు ఈ ఇంట్లో?
ఏ పెద్ద ఆకలేసి బొమ్మ అడిగాడు?"
ఎవరూ పోలేదు, ప్రారంభోత్సవం అన్నాను.
ఆయన పుల్ల కింద పెట్టేశాడు.
నేను పాతవాణ్ణయితే
ఆ రాత్రి ఎనిమిదిన్నరలోగా
శ్రీకాకుళం డెస్కుకి అదే మాట పంపేవాణ్ణి, వేరే శీర్షిక లేకుండా.
కొత్తవాణ్ణి. రాయవలసి వచ్చింది:
"కళాకారుడు సహకరించలేదు."

రెండోది అసిరయ్య దరఖాస్తు.
డెబ్బై ఆరేళ్లు. జముకు తీగ లాగీ లాగీ
వేలు కొస మొద్దుబారిపోయింది.
ఫారంలో భాష అన్న చోట మూడు గడులు:
ఒడియా, సవర, ఇతర.
"ఇతర అంటే ఏటి బావూ?" అన్నాడు.
"మనమే" అన్నాను.
మహేంద్రతనయకి అటు పాడితే ఆయన తెలుగు కళాకారుడు.
ఇటు పాడితే ఇతర.
నది మాత్రం రెండు ఒడ్లకీ
ఒకే తడి పెడుతోంది, ఏ గడీ నింపకుండా.

ఆకుపచ్చ నోటుషీటు మీద
ఆ రాత్రి మూడు పేజీలు రాశాను.
చాన్నాళ్ల తర్వాత చెయ్యి నొప్పెట్టింది,
సుఖంగా ఉంది.
పదకొండు రోజులకి పైనుంచి తిరిగొచ్చింది,
మార్జిన్‌లో ఎర్రసిరా: "క్లుప్తంగా."
క్లుప్తంగా రాశాను.
ఇంకా క్లుప్తంగా అన్నారు.
చివరికి ఆయన పేరొక్కటే మిగిలింది,
దాని కింద నా సంతకం,
రెండింటి మధ్యా ఆయన పాట పట్టేంత ఖాళీ.

ఇవాళ సస్మితా గొమాంగో వచ్చింది.
ఏడాదిగా రాస్తోంది, చెప్పులు విప్పలేదు.
"అసిరయ్య పింఛను ఎందుకు ఆగింది సార్?"
నా నోట్లోంచి
నేను వందసార్లు వెక్కిరించిన మాటే
ఇస్త్రీ చేసుకుని బయటికొచ్చింది:
"పరిశీలనలో ఉంది."

రాసుకుంది. లేవలేదు.
కళ్లజోడు లేదు పాపం, తుడుచుకోవడానికి.
పెన్ను మూత పడేసుకుని
తీసుకోవడానికన్నట్టు వంగింది.
నా బల్ల మీద తెరిచున్న ఫైలు వైపు
ఆమె కనుగుడ్లు కుడి నుంచి ఎడమకి నడుస్తున్నాయి.

ఇంకా కూడబలుక్కునే దశే, తెలుస్తోంది.
టీ చెప్పాను ఇద్దరికీ.
పాఢీబాబు తాళంచెవి పట్టుకుని బయటికెళ్లాక
ఫ్యాను గాలికి కాగితాలు సర్దుతున్నట్టు
ఫైలుని
కొంచెం, అటు, తిప్పాను.