ఒకే గంప

మా ఊళ్ళో ప్రేమ గురించి మాట్లాడాలంటే
ముందు తుమ్మాలి.
ఏటుకూరు రోడ్డు గాలి అంత ఘాటు.

అక్కడ కోల్డ్ స్టోరేజీలో రికార్డు గుమస్తాని నేను.
బస్తా మీద చీటీ, చీటీ మీద రకం:
తేజ, బ్యాడిగి, మూడు ముప్పై నాలుగు.
రంగు తేలిపోయినవన్నీ తాలు.
తాలుకి వేరే కుప్ప, వేరే రేటు,
తూకం వేసేవాడి మొహం కూడా వేరే.

ఆ మాట ముందు వాడింది నాగుల్ మీరా.
సంగడిగుంట టీకొట్టు దగ్గర గ్లాసు తిప్పుతూ
"నన్ను మగాళ్ళ బస్తాలో పోశారు,
ఆడాళ్ళ బస్తాలో పోసినా ఇంతే,
నేను తాలునే" అన్నాడు.
అన్నాడో, అన్నదో.
ఆ రోజు నించీ మేం "అన్నారు" అంటున్నాం.
వాళ్ళింట్లో ఎవరూ ఇవ్వని గౌరవం
వ్యాకరణంలోంచి ఊరికే వచ్చింది.

అక్కణ్ణించి మొదలైంది పిచ్చి.
వీటన్నిటికీ ఇంగ్లీషులో పేర్లున్నాయని
హర్షలత ఫోన్లో చూపించింది.
నోరు తిరగలేదు.
తిరిగినా, ఇంటికెళ్ళి ఎవరితో అంటాం?

హర్షలతకి చూడగానే మనసు పడదు.
శెనగల్లా రాత్రుళ్ళకి రాత్రుళ్ళు నానితేగానీ
మొలక రాదట ఇష్టానికి.
"నేను నానుడు మనిషిని" అంది.
నానుడి అంటే సామెత కదే అని సణిగాను,
తెలుగు పంతులు కూతుర్ని.
జనం నోట్లో నానితే ఇదీ సామెతవుద్దిలే, పో, అంది.

రెండేళ్ళుగా ఆదివారం ఆదివారం
మానస సరోవరం దాకా బండి మీద తిప్పి
ముందుకో వెనక్కో చెప్పని బ్యాంకు కుర్రాడు
దానికి "ఔటర్".
స్టేషను దీపాలు కనపడుతుంటాయి,
కూత కూడా వేస్తుంది,
రైలు కదలదు.
దిగి పట్టాల మీద నడుచుకొచ్చెయ్యవే అన్నారు నాగుల్ మీరా.
నడిచొచ్చేసింది. చెప్పు తెగింది, అంతే.

నాకు మాత్రం మాట దొరకలేదు.

కాటా దగ్గర ఏసుమణి.
ఆమె అంకె పలుకుతుంది, నేను రాస్తాను.
"నలభై రెండున్నర."
నాలుగేళ్ళు. లక్ష బస్తాలయినా ఉంటాయి.
వేరే ఎవరన్నా పలికితే నా చేతికి అంకె రాదు.
స్నేహితురాలు అని తూచాను, తక్కువ తూగింది.
సినిమాల్లో మాట ఒకటి వేసి చూశాను,
ముల్లు అటు చివరకి కొట్టుకుంది.

మధ్యాహ్నం అన్నాల వేళ
ఈ గొడవంతా విని ఆదెమ్మ నవ్వింది.
తొడిమలు తుంచీ తుంచీ
గోళ్ళు ఎర్రబారిన మనిషి.
"దానికి ఇంత ఆలోచనేంటే?
మా కుప్పల కాడ ఒకే గంప అనేవోళ్ళం."

గంపకింత కూలి.
ఇద్దరు కూచుని ఒక్క గంపే నింపుతారు,
ఎవరివెన్ని కాయలో లెక్క చూసుకోరు.
"చూసుకుంటే అది ఒకే గంప కాదు.
నేనూ నాంచారమ్మా ఇరవై ఏడేళ్ళు."
మరి మొగుళ్ళు?
"ఉన్నారు. వాళ్ళు వేరే లెక్క."
మరిప్పుడు నాంచారమ్మ?
ఆదెమ్మ ఒక కాయ తీసుకుని
తొడిమ తుంచి
పక్కన పెట్టింది.

సాయంత్రం పాత రిజిస్టర్లు దించాను.
ఎలకలు కొట్టిన అంచులు, నీలం సిరా,
పేరు తెలీని గుమస్తాల చేతిరాతలు.
ఆదెమ్మ, నాంచారమ్మ, గంప ఒకటి.
తర్వాతి వారం, గంప ఒకటి.
ఆ పై ఏడు, సిరా మారింది, చేతిరాత మారింది,
గంప ఒకటి.
ఎవరూ కలం ఆపి అనుమానపడలేదు.
బహుశా ఎవరూ చదవలేదు కూడా.

దుమ్ముకి తుమ్మాను, గట్టిగా.
కాటా మీంచి తల తిప్పకుండానే
"నూరేళ్ళు" అంది ఏసుమణి.

ఎవరికని అడగలేదు.
ఆమె పలికిన అంకె
అలవాటు కొద్దీ
రాసేసుకున్నాను.