పట్టూ విడుపూ

ఆంప్లిఫయర్‌ని బల్ల మీద బోర్లించు, నాహ్వెల్.
మెల్లగా. ఆ మూల తగిలితే ఇంకాస్త చిరుగుతుంది.
కొండ మెట్ల మీద పడిందా? ఎన్ని దొర్లింది,
తొమ్మిదా? అయితే చిన్న దెబ్బే.
ఈ వాల్పరాయిసోలో నలభై మెట్లు దొర్లి
మర్నాడు పెళ్లిలో కుంబియా మోగించిన పెట్టెల్ని
ఈ చేతులతోనే బాగుచేశాను.

వినైల్ మూడు వేళ్ల మేర లేచింది,
మోకాలు గీరుకుపోయిన చోట చర్మంలా.
ఈ అంచున ఇదేమిటి? ఎవరు పూశారు?
మీ అన్నయ్యా? సూపర్ గ్లూనా?
చూడు, చచ్చిన గోరులా తెల్లబారి బిగిసిపోయింది.
వంగేదాన్ని వంగనిదానితో అతికిస్తే
పక్కనే మళ్లీ చిరుగుతుందని చెప్పు వాడికి.

ఆ పసుపు డబ్బాలోది కాంటాక్ట్ జిగురు.
రెండు వైపులా పూసి ఆగాలి.
వేలు పెడితే అంటీ అంటనట్టు ఉండాలి.
అప్పుడు కలపాలి, ఒక్కసారే.
వంకరగా పడిందా, ఇక వంకరే.
నా మొదటి పెళ్లి ఆ డబ్బాలోదే.

స్ప్రే ఊసెత్తకు.
మూడో పాటకి లోపల వాల్వులు కాగుతాయి,
చెక్క వెచ్చబడుతుంది,
అప్పులవాణ్ణి చూసి సందు తిరిగినట్టు
అది మెల్లగా జారుకుంటుంది.

ఇక్కడి వడ్రంగులు చల్లని జిగురనే తెల్లది మంచిది.
ఓపిక ఉంది దానికి.
గరుకుకి గరుకు జతపడేదాకా సర్దుకోనిస్తుంది.
పైన ఇస్త్రీపెట్టె బరువు పెట్టి పడుకోవడమే.
దాన్నే వాడేద్దును,

ఆగు.
ఆ దీపం ఇటు తిప్పు.
వినైల్ కింద, చెక్క మీద, పెన్సిల్ రాత:
బాల్బినా. శుక్రవారం. చివరిది.

చివరిదంటే?
ఆ రోజు అతికించిన పెట్టెల్లో చివరిదా,
ఫ్యాక్టరీలో ఆమె చివరి రోజా?
మీ మామయ్యకి తెలుసా? ఆయనకి అమ్మినవాడికి?
బస్సు టాపుల మీద, పడవల్లో,
యాభై ఏళ్లు మోశారు దీన్ని,
ఆమె పేరు భుజానికి ఆనించుకుని.

సరే, ఆ స్టవ్వు వెలిగించు.
ఓ గిటారు కోసం పొద్దున నానబెట్టిన చర్మపు జిగురుంది.
వెనకాల గుడ్డ ఉంది కాబట్టి పట్టుకుంటుంది.
బిరుసెక్కకుండా ఓ చుక్క గ్లిజరిన్.
కంపే, నిజమే. కిటికీ తెరువు.
సముద్రపు తేమకి పదేళ్లకో పన్నెండేళ్లకో వదులుతుంది,
అదీ తెలుసు నాకు.
కానీ ఆవిరి చూపిస్తే గీరకుండానే లేస్తుంది.
పట్టూ ఉంది, విడుపూ ఉంది.
అప్పటికి ఈ బల్ల ముందు ఎవరుంటారో,
ఆ మనిషి కూడా దీపం ఇటు తిప్పనీ.

పెన్సిలుందా?
నా పేరొద్దు. వారం చాలు.
మంగళవారమా ఇవాళ? ఆమె గీత కిందే రాయి, చిన్నగా.
చివరిదని మాత్రం రాయకు.

గురువారం రా.
ఈసారి ఇద్దరు పట్టుకోండి.