పన్నెండు పౌండ్ల కోటు

శనివారం మధ్యాహ్నం. డండీలో వాన.
టే నది మీంచి వచ్చే గాలికి
గొడుగులు వెల్లకిలా తిరిగిపోతున్నాయి.
ఫెర్గస్ కోటు జిప్పు మళ్లీ నోరు తెరిచింది.
వాడికి తొమ్మిదేళ్లు,
నాకు వారానికి పదహారు గంటల పని.

పెద్ద కొట్టులో వెలుతురు పగటి కంటే ఎక్కువ.
వరసల నిండా కోట్లు:
పన్నెండు పౌండ్లు, పన్నెండు పౌండ్లు, పన్నెండు.
చేతిలోకి తీసుకుంటే ఎంత తేలికో!
లెక్కలు రావు గానీ వేళ్లు ముడిచి చూశాను.
గుడ్డకింత, దూదికింత, ఓడకింత,
ఈ అద్దాల కొట్టు అద్దెకింత.
కుట్టిన మనిషి దాకా వచ్చేసరికి
చిటికెన వేలు కూడా మిగల్లేదు.
మిగతాది ఎవరో ఇచ్చే ఉంటారు.
అడక్కుండానే ఇప్పించుకుని ఉంటాం.

మా అమ్మమ్మ ఎఫీ ఈ ఊరి జనపనార మిల్లులో
పద్నాలుగో ఏట చేరింది.
బెంగాల్ నుంచి ఓడల్లో నార దిగేది,
తిమింగలం నూనె తాగితే గానీ మెత్తబడేది కాదు.
మగ్గాల హోరుకు
ముప్పై నిండకుండానే ఆమె చెవులు పోయాయి.
ఆడవాళ్లంతా పెదాల మీంచి మాటలు ఏరుకునేవాళ్లు,
చేతులతో కబుర్లాడుకునేవాళ్లు.
నా చిన్నప్పుడు సంతలో ఎవరైనా
"మంచి చౌకమ్మా, తీసుకో" అంటే
అమ్మమ్మ పలికేది కాదు.
గుడ్డను లోపలివైపు తిరగేసి
కుట్టు వెంట బొటనవేలు నడిపించి
ఒకచోట ఆగి
చెవి మీద మెల్లగా తట్టుకునేది.
అదేమిటని నేనెప్పుడూ అడగలేదు.

కోటు తిరగేశాను.
తెల్ల చీటీ మీద దేశం పేరుంది, మనిషి పేరు లేదు.
గోరువెచ్చని నీళ్లలో ఉతకమని మాత్రం
ఆరు భాషల్లో బతిమాలారు.
నిరుడు ఇలాంటి చీటీ చూసే కంపెనీకి ఉత్తరం రాశాను:
ఇదెవరు కుట్టారు? వాళ్లకెంత ముట్టింది?
పది రోజులకు జవాబొచ్చింది.
నా ఆసక్తికి ధన్యవాదాలట.
ఈసారి కొంటే పది శాతం తగ్గింపట.

పక్క వీధిలో మంచి కొట్టొకటుంది.
కుట్టినవాళ్లు అక్కడ గోడ మీద ఫొటోల్లో నవ్వుతుంటారు.
కోటు తొంభై ఐదు.
తప్పు పట్టను, అసలు ధర అదే కావచ్చు.
అసలు ధర ఇవ్వాలంటే
నాకూ ఎవరో అసలు జీతం ఇవ్వాలిగా!

మా చెల్లెలు ఐలిద్ ఆ కొట్లో జనపనార సంచులు కొంటుంది.
ఇప్పటికి పదకొండు,
ఒక్కోదాని మీద ఒక్కో మంచిమాట.
వంటింటి తలుపు వెనక
ఒకదాంట్లో ఒకటి దూరి నిద్రపోతుంటాయి.
అడుగున చిన్నక్షరాల్లో బంగ్లాదేశ్ అని ఉంటుంది.
అప్పుడు నార వచ్చి ఇక్కడ సంచి అయ్యేది.
ఇప్పుడు సంచే వస్తోంది,
చెవుడు అక్కడే ఉండిపోతోంది.

కోటు మళ్లీ తగిలించేశాను.
ఫెర్గస్ మొహం మాడ్చుకున్నాడు.
హిల్‌టౌన్ ఎత్తు ఎక్కుతున్నంతసేపూ
నా చెయ్యి పట్టుకోలేదు.

హలీనా అంగడి బస్టాపు పక్కన, అల్మరా అంత గది.
లుబ్లిన్ నుంచి తెచ్చుకున్న కుట్టుమిషను,
దాని మీద సగం తిన్న ఆపిలు.
జిప్పు ఊడిన పళ్లు చూసి చప్పరించింది.
"ఏడు పౌండ్లు. నీలం అయిపోయింది, ఎరుపే ఉంది."
"ఐదుకి..." అన్నాను. అలవాటు.
ఆమె కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
నావైపు చూసింది.
నోట్లోని మాట నోట్లోనే ఉంచుకున్నాను.

ఇరవై నిమిషాలు.
ఆమె మెడ వంగడం, పెదాల మధ్య గుండుసూది,
దారం తెంపేటప్పుడు పక్కకి తిరిగే తల,
ఏడు పౌండ్లూ డ్రాయరులో పడి
పక్కనే ఉన్న గ్యాసు బిల్లును తాకడం,
అన్నీ చూశాను.

బయట గాలి ఇంకా తగ్గలేదు.
నీలం కోటు నిలువునా ఎర్రటి గీత.
ఫెర్గస్ ఏదో అన్నాడు, హోరులో వినపడలేదు.
పెదాల కేసి చూశాను.
"అసహ్యంగా ఉంది" అంటున్నాడు,
జిప్పు గడ్డం దాకా లాక్కుంటూ.