ఆరు బూట్ల పురుగు

ఆ పుస్తకం నాకు చదవను రాదు,
కుడి నుంచి ఎడమకు పాకే అక్షరాలు.
బొమ్మలైతే వచ్చు.
రాత్రి ఏసీ గుర్రుమంటా ఉంటే
మిషారీ నా మోచేతి మీద తల పెట్టి
"రెద్దమ్మా, బూట్ల పురుగు" అంటాడు.
రెడ్డెమ్మ అనేది వాడికి నోరు తిరగదు.

బొమ్మలో ఆరు కాళ్ళు, ఆరు ఎర్ర బూట్లు,
ఉండను తోసుకుంటా పోతాంటాది.
ఆ ఉండ ఏందని రాసినారో వాళ్ళు!
నేను ఉన్నమాటే చెప్పినా: పేడ.
మంచం అదిరేటట్టు నవ్వినాడు.
పేడపురుగు, పేడపురుగు...
వాళ్ళమ్మ తలుపు తీసి చూసింది.
వాడు నిద్ర నటించినాడు, నేనూ నటించినా.

జహ్రా దాటినాక, మార్చి నెల, డేరాల కాడ
వాన తాగిన ఇసకలో పచ్చిక నూగు.
చీమ కనపడితే తొక్కే పిల్లోడు వీడు.
ఒంటె పేడ పక్కన నల్లగా ఏదో కదిలింది.
చెప్పుకాలు లేచింది.
లేచిన కాలు అట్నే నిలబడింది, కొంగ మాదిరి.

వంగినాడు. వాహిద్, ఇత్నేన్...
ఆరు.
"బూట్లేవి?"
ఎండ ముదిరినాక ఏసుకుంటాదిలే, అన్నా.
అది మాకేసి చూళ్ళేదు.
తల నేలకానించి, వెనక్కాళ్ళతో తోసుకుంటా
గట్టెక్కలేక దొర్లి
మళ్ళా మొదలుపెట్టింది.

"పుస్తకం తప్పు," అన్నాడు మిషారీ
గుసగుసగా, దానికి వినపడకుండా.

ఆ రాత్రి రబ్బరు, పెన్సిలు పట్టుకోని
పురుగును తలకిందులు చేసినాడు.
బూట్లు మాత్రం ఉంచినాడు.