సగం ఆరింది

తోర్స్‌హవ్న్‌లో వాన పైనుంచి పడదు, అడ్డంగా వస్తుంది.
రన్నువా కిటికీ బిగించి, కుర్చీ జరుపుకుని
పెండింగు జాబితా తెరిచింది.
రెండువందల పద్నాలుగు.
నిన్నా అంతే. మొన్న ఒకటి తక్కువ.

పగలు ఫెర్రీ టికెట్లు అమ్ముతుంది.
రాత్రిది జీతంలేని కొలువు:
ఆటు ఎప్పుడు, పోటు ఎప్పుడు అని లెక్కగట్టే
చిన్న కోడు మూటకి కాపలా.
ఎవరు వాడతారో తెలీదు.
ఒకసారి ఎక్కడో గుల్లలు ఏరుకునే మనిషి
థాంక్స్ అని రెండు ముక్కలు రాశాడు.
వారమంతా ఈల వేస్తూ తిరిగింది.

జాబితాలో అన్నీ సగాలే.
"వచ్చే ఆదివారం టెస్టులు రాస్తాను."
ఆ ఆదివారం వచ్చిపోయి నాలుగేళ్ళు.
"చిన్న మార్పే, చూసి చెప్పండి."
చూసింది ఆమే. చెప్పనిదీ ఆమే.
ఆ చలికాలం మోకాలికి ఆపరేషన్.
ఒకడు ఒక్క కామా మార్చి మాయమయ్యాడు.
ఒకావిడ మొత్తం తిరగరాస్తానని పునాది తవ్వి
పార అక్కడే వదిలేసింది.

పోయినేడు అందరూ చేసేదే తనూ చేసింది,
ఓ బాట్‌ని పెట్టింది.
తొంభై రోజులు కదలకపోతే
"పాసిపోయింది" అని చీటీ అంటించి
మరో వారానికి తలుపేసే బాట్.
దానికి మొహమాటం లేదు, మర్యాద మాత్రం దండి:
మీ కృషికి ధన్యవాదాలు అంటూనే గెంటుతుంది.
ఒక్క రాత్రిలో అరవై మూసింది.
పొద్దున్నే ఒకే ఒక్క జవాబు:
"మీరడిగినదానికి బదులిచ్చి రెండేళ్ళయింది.
నేనిక్కడే ఉన్నాను. మీకోసమే చూస్తున్నాను."

కాఫీ చల్లారిపోయింది.
పాసిపోయింది ఎవరు?
బాట్‌ని ఆపేసింది. కుప్ప మళ్ళీ పెరిగింది.

పక్కింటి ట్రోండుర్‌కి ఒక చెక్క కొట్టు.
లోపల గొర్రె తొడలు వేలాడుతుంటాయి.
పలకల మధ్య వేలెడు సందు,
గాలి దాని ఇష్టం.
ఉప్పు లేదు, పొగ లేదు.
పచ్చీ కాదు, ఎండిందీ కాదు, ఆ నడిమి కాలానికి
ఆ దీవుల్లో ఓ మాట ఉంది: రాస్ట్.
మనమైతే చద్ది అంటాం, పాచి అనం.
రాత్రి దాటినదంతా చెడిపోలేదని
తరవాణి కుండకి తెలుసు.
ట్రోండుర్ క్యాలెండరు చూడడు.
ఒక్కో తొడ దగ్గరికీ వెళ్ళి
కళ్ళు మూసుకుని వాసన చూస్తాడు.

ఇప్పుడు రన్నువా కూడా వాసనే చూస్తోంది.
రాత్రికి ఒకటి. కొన్ని రాత్రులు అదీ లేదు.
కొన్ని నిజంగానే కుళ్ళాయి. మూసింది,
ఎందుకో తన చేత్తో రాసి మరీ.
ఆ కామాని మాత్రం లోపలికి తీసుకుంది.
అది సరైన కామా.

ఆ తర్వాత, చిలీలో వాల్దీవియా నుంచి ఎలాదియోది.
నది సముద్రానికి ఎదురుపడేచోట
లెక్క గంటకి పైగా తప్పుతోందని మొదలుపెట్టి
ఒక ఫంక్షన్ నడుమ ఆగిపోయాడు.
పక్కనే స్పానిష్‌లో: "ఇక్కడేదో ఉంది. రేపు చూస్తా."
ఆ రేపు ముందు ఆమె మూడు రాత్రులు కూర్చుంది.
ఏదో ఉంది నిజంగానే,
ఓ మైనస్ గుర్తు,
వానల నెలల్లో నది బరువుని తిరగేసి తూస్తూ.

సరిచేసింది. అతను రాస్తానన్న టెస్టులు రాసింది.
పేరు అతనిదే ముందు పెట్టింది. ఉత్తరం పంపింది.
పదకొండు రోజులకి బదులు:
"పడవ అమ్మేశాను. ఇప్పుడు రొట్టెల బట్టీలో పని.
ఆ లెక్క నిద్రలో వచ్చేది కొన్నాళ్ళు.
మైనస్సా? ఛ!"

ఆ "ఛ" చదివి ఒక్కతే పకపకా నవ్వింది.

రెండువందల ఎనిమిది.
తెల్లారేలోగా ఇంకో రెండు వచ్చిపడతాయి,
ఒకటి అప్పుడే క్షమాపణతో మొదలవుతూ.
దీపం ఆర్పింది.
కిటికీ పూర్తిగా మూయలేదు,
వేలెడు సందు.